గనుల పన్ను

భూమిమీద పండెడి పంటకు శిస్తు ఎంత ఉండవలెను, ఎప్పుడు వసూలు చేయవలెను, కరవు వచ్చినపుడు ఎంత మాఫీ చేయవలెను అను విషయములలో మన రైతులకును సర్కారులకును తరతరముల అనుభవము కలదు. భూమి లోపలి పంట విషయమున అట్టి అనుభవము మనకింకను కుదురుకొనలేదు. రెండును భూమినుండి వచ్చునవియే యైనను రెంటికిని గొప్ప భేదము కలదు. కోసిన వరిచేను మఱుసటి యేడు మఱల పండును. త్రవ్విన బొగ్గు మఱల మొలవదు. కాబట్టి గనినుండి సర్కారు పుచ్చుకొనునది ప్రజలు తమ ఆస్తిని అమ్ముకొనునపుడు రావలసిన వెల. ఆ వెల తక్కువైనచో రాబోవు తరముల సొత్తు కొల్లపోవును. దానిని పుచ్చుకొను తీరు వికటించినచో గని మూతపడి, వెలయు లేదు, వస్తువును లేదు అను దురవస్థ సంభవించును. ఈ రెండపాయముల నడుమ దారి వెదకుటయే గనుల విషయమున రాజనీతి.

ఈ విచారణ ఇప్పుడు మిక్కిలి అవసరమైనది. 2024 జులై 25వ తేదీన సుప్రీంకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనమండుగురు ఒక పక్షమునను ఒక్కరు మఱియొక పక్షమునను ఉండగా, ఖనిజములపై చెల్లించు రాయల్టీ పన్ను కాదనియు, గనిహక్కులపై పన్ను వేయు అధికారము రాష్ట్రములకు కలదనియు, ఖనిజములున్న భూములపై పన్ను వేయుటకును వానికి అధికారము కలదనియు తీర్పు చెప్పెను. 1989లో ఏడుగురు న్యాయమూర్తులు రాయల్టీని పన్నుగా నెంచి, దానిపై మద్రాసు రాష్ట్రపు పాతచట్టము క్రింద వేసిన సెస్సును కొట్టివేసియుండిరి. 2004లో ఐదుగురు న్యాయమూర్తులు అది పన్ను కాదనిరి. ఇరువదియేండ్ల సందిగ్ధమునకు 2024 తీర్పుతో తెరపడినది. భూస్వాములైన మా పాఠకులకు ఇందలి సూక్ష్మము బోధింపనక్కఱలేదు. కౌలు వేఱు, శిస్తు వేఱు. కౌలు భూమి యజమానికి చెల్లునది. శిస్తు రాజ్యాధికారమునకు చెల్లునది. ఒకటి కట్టినంతమాత్రమున రెండవది రద్దు కాదు.

రాష్ట్రముల అధికారమును నిలిపిన ఈ తీర్పును మేము హృదయపూర్వకముగ స్వాగతించుచున్నాము. బొగ్గుపై రాయల్టీ నూటికి 14 వంతులని 2012లో నిర్ణయించినది ఢిల్లీ. ఇనుప రాతిపై నూటికి 15 వంతులని 2014లో నిర్ణయించినదియు ఢిల్లీయే. గని యెవరి గడ్డలో ఉన్నదో వారికి ధర చెప్పు నోరు లేకపోయెను. సింగరేణి బొగ్గువలన వెలుగు పొందు పట్టణములు వేఱు. ఆ బొగ్గు దుమ్ము పీల్చు పల్లెలు వేఱు. ఆ పల్లెల కష్టమెఱిగిన శాసనసభకు పన్ను అధికారముండుట న్యాయము.

అయితే అధికారము కలుగుట ఒకటి, దానిని వివేకముతో వాడుట మఱియొకటి. 2024 ఆగస్టు 14వ తేదీన అదే న్యాయస్థానము, అట్టి పన్ను చట్టములున్న రాష్ట్రములు 2005 ఏప్రిల్ 1 తరువాతి కాలమునకు పాతబాకీలు వసూలు చేసికొనవచ్చుననియు, ఆ మొత్తమును 2026 ఏప్రిల్ 1 మొదలు 12 సంవత్సరముల వాయిదాలలో చెల్లింపవలెననియు, 2024 జులై 25కు ముందటి కాలమునకు వడ్డీయు జరిమానాయు ఉండవనియు ఆదేశించెను. వడ్డీ మాఫీ చేయుట దయయే. కాని ఒక ప్రశ్న మిగులుచున్నది. 2006లో బస్తా సిమెంటు అమ్మిన వర్తకుడు నాటి పన్నులు లెక్కించి ధర కట్టెను. నేడు ఆ బస్తాపై క్రొత్త బాకీ వచ్చినచో ఎవరిని అడుగును? కొన్నవాడు ఇల్లు కట్టుకొని, కాపురము చేసి, పిల్లల పెండ్లిండ్లు కూడ చేసియుండును. ఆ బాకీ నేటి గని ఆదాయమునుండియే తీరవలెను. నేటి ఆదాయమునుండి తీర్చునది, రేపటి గనికి పెట్టవలసిన పెట్టుబడిలో తరుగే.

బ్యాంకివారి కన్నుతో చూచినచో ఈ చిక్కు ఇంకను స్పష్టమగును. గనికి అప్పిచ్చువాడు ఏటేట వచ్చు రొక్కమును చూచి ఇచ్చును. యంత్రములు గనిలో దిగినపిమ్మట పాత ఇనుము వెలయే చేయును; భూమి సర్కారుది; మిగిలిన పూచీ కౌలుపత్రము మాత్రమే. ఇరువదియేండ్ల వెనుకటి పన్ను ఎప్పుడైనను లేచి రాగలదను భయమున్నచోట, ఆ భయమునకు సరిపడ వడ్డీ పెరుగును. ఎక్కువ వడ్డీ భరింపగలవాడు పెద్ద కంపెనీవాడు. చిన్న గనిదారుడు, సహకార సంఘము, స్థానిక వ్యవహర్త ఈ పోటీనుండి తప్పుకొందురు. ప్రజల పేర వేసిన పన్ను తుదకు గుత్తదారుల బలమును పెంచుట విచిత్రము గాదా? ఇట్టి సందిగ్ధము మన ప్రాంతమునకు క్రొత్తయు గాదు. 1989 తీర్పు తరువాత రాష్ట్రములు అంతకుముందు వసూలు చేసిన సొమ్మును నిలుపుటకు పార్లమెంటు 1992లో ధ్రువీకరణ చట్టము చేయవలసివచ్చెను. ఆంధ్రప్రదేశపు 1975 నాటి ఖనిజహక్కుల పన్ను చట్టము అందు చేరిన వానిలో ఒకటి.

గనినుండి రాజు ఎట్లు పుచ్చుకొనవలెనను చర్చ మన దేశమున ప్రాచీనమైనది. వ్యయభారము హెచ్చుగానున్న గనులను భాగమునకో నిర్ణీత ద్రవ్యమునకో ఇతరులకిచ్చి, సులభముగ నడచువానిని రాజు స్వయముగ నడపవలెనని కౌటిల్యుడు విధించెను. గోలకొండ సుల్తానుల కాలమున మక్తా పద్ధతి నడిచినది. 17వ శతాబ్దపు తొలినాళ్లలో మచిలీపట్టణమున ఉన్న విలియం మెథ్వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు, కృష్ణాతీరపు వజ్రపు గని ఏటికి 3 లక్షల వరహాలకు ఒక కంసాలికి మక్తాకియ్యబడినదనియు, 10 కారట్లకు మించిన రాళ్లన్నియు సుల్తానువేయనియు వ్రాసెను. గని ఫలించినను ఫలింపకున్నను మక్తా కట్టవలసినదే. ఫలించినచో మేలిరాయి సర్కారుకే. నష్టమంతయు ఒకనిది, అదృష్టము మఱియొకనిది!

ఇందుకు పూర్తిగ విరుద్ధమైన తప్పిదము 1886లో జరిగినది. నిజాం ప్రభుత్వము తన రాజ్యమునందలి ఖనిజముల హక్కును 99 సంవత్సరములకు సీమ దళారులకు కట్టబెట్టెను. వారు లండనులో హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించి, వాటాలలో అధికభాగమును రొక్కము పెట్టకయే తమవిగ చేసికొని, వానిలో కొన్నింటిని నిజాం బొక్కసముచేతనే హెచ్చు ధరకు కొనిపించిరి. ఆ గోల బ్రిటిషు పార్లమెంటు వరకు పోయి 1888లో విచారణ సంఘము కూర్చుండవలసివచ్చెను. మన బొగ్గు హక్కును మన సొమ్ముతోనే మనము కొనుక్కొంటిమి. పరులకు పప్పుబెల్లములవలె పంచిపెట్టుటయు, వేలము పాటలో గొంతు నులుముటయు రెండును రాజనీతి గావు. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ ఏర్పడి, 1945లో అధికభాగపు వాటాలు నిజాం ప్రభుత్వమువశమై, నేడు నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమునకును 49 వంతులు కేంద్రమునకును ఉండుట ఆ గుణపాఠపు ఫలము.

గోలకొండ మక్తా నేడు వేలము రూపమున మఱల వచ్చినది. 2015 నాటి సవరణతో గనులను వేలమున నిచ్చు పద్ధతి యేర్పడెను. ఇష్టులకు గనులు పంచు దుర్నీతి తొలగుటకు అది అవసరమైనదే. ఓబుళాపురపు అక్రమములను చూచిన తెలుగువారు వేలమును నిందింపజాలరు. కాని వేలమున గెలిచినవాడు లాభములో వంతు చెల్లింపడు. అమ్మకపు సగటు ధరలో వంతు చెల్లించును. ఒడిశాలో 2020 నాటి ఇనుప గనుల పాటలలో కొన్ని ఆ ధరలో నూటికి నూరును మించిపోయినవి. నూరు రూపాయల రాతికి నూరుకు పైబడిన ప్రీమియము, దానిపై రాయల్టీ, దానిపై త్రవ్వకపు ఖర్చు! రాతిని అమ్మి బ్రతుకువాడు ఇట్టి పాట పాడలేడు. సొంత కొలిమికి రాయి దొరకకున్న కొలిమి ఆరిపోవునను భయముగల ఉక్కు కంపెనీ మాత్రమే పాడగలదు. అందువలన గనులు కొలిములవారి చేతులలోనికి పోవుచున్నవి. సొంత గని లేని చిన్న ఇనుప కర్మాగారములకు బజారులో రాయి కొఱతపడుచున్నది. మన విశాఖ ఉక్కు కర్మాగారము సొంత ఇనుప గని లేక పడిన పాట్లు ఆంధ్రులెల్లరు నెఱిగినవే.

సగటు ధరను కట్టు విధానమునను ఒక మెలిక కలదు. అమ్మకపు ధరనుండి అప్పటికే చెల్లించిన రాయల్టీని తీసివేయకుండ లెక్కించుటచే, రాయల్టీపై మఱల రాయల్టీ పడుచున్నదని గనిదారులు మొఱపెట్టగా, ఆ వివాదము 2024లో సుప్రీంకోర్టు వరకు పోయెను. ఒకే గింజకు రెండుమార్లు కొలతవేయు కరణమును మన గ్రామములలో ఎవరు మెచ్చుకొనిరి?

వేలముపాటివంటి ఆశ గనిని ఎట్లు మూయించునో దోణిమలై చూపినది. హైదరాబాదు కేంద్రముగా నున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు బళ్లారి సీమలో ఏటికి 70 లక్షల టన్నులు తీయగల ఇనుప గని యది. 2018లో కౌలు పొడిగించునపుడు కర్ణాటక ప్రభుత్వము అమ్మకపు ధరలో నూటికి 80 వంతులు అడిగెను. సంస్థ అంగీకరింపలేదు. ఆ నవంబరున పని ఆగినది. 2021 ఫిబ్రవరి వరకు, రెండేండ్లకు పైగా, యంత్రములు నిలిచెను. తుదకు నూటికి 22.5 వంతులకు ఒప్పందము కుదిరెను. ఇరువక్షములును సర్కారు సంస్థలే యని పాఠకులు గమనింపవలెను. ఒకటి రాష్ట్రపు బొక్కసము, మఱియొకటి కేంద్రపు సంస్థ. 80 వంతుల నాశించిన రాష్ట్రమునకు ఆ రెండేండ్లు ఆ గనినుండి రాయల్టీ కూడ దక్కలేదు. కొలిములకు రాయి తగ్గినది. లాభపడినవాడెవడు?

ఆ కుదిరిన దరినే లెక్క వేసి చూతము. నూరు రూపాయల ఇనుప రాతికి రాయల్టీ 15 రూపాయలు. పాతకౌలు గనిలో జిల్లా ఖనిజ నిధికి రాయల్టీలో నూటికి 30 వంతులు, అనగా 4 రూపాయల 50 పైసలు. అన్వేషణ నిధికి రాయల్టీలో 2015లో నూటికి 2 వంతులుగ మొదలై 2025 సవరణతో 3 వంతులైన చందా, అనగా 45 పైసలు. పొడిగింపునకు 22 రూపాయల 50 పైసలు. మొత్తము 42 రూపాయల 45 పైసలు. దీనిని రాయి బజారున ధర పలికినను పడిపోయినను, గనిదారునకు మిగిలినను మిగులకున్నను, లాభముతో సంబంధము లేకయే చెల్లింపవలెను. తరువాత మిగిలినదానిపై ఆదాయపు పన్ను వేఱు. ధర హెచ్చుగ నున్న కాలమున ఇది భారము గాకపోవచ్చును. ధర పడిన యేట అంచు గనులు, అనగా లోతు హెచ్చి నాణ్యము తగ్గినవి, మొదట మూతపడును. మూతపడిన గనిలో నీరు చేరును. అడుగున మిగిలిన సరుకు చాలవరకు ఎన్నటికిని పైకి రాదు.

ఇది త్రవ్వుటకు సిద్ధమైన గనుల మాట. ఇంకను కనుగొనవలసిన గనుల మాట వేఱు. మన బేగంపేటలో అణుఖనిజ అన్వేషణ పరిశోధన డైరెక్టరేటు ప్రధాన కార్యాలయము కలదు. 1949లో అరుదైన ఖనిజముల పరిశీలనకు చిన్న విభాగముగ పుట్టిన యీ సంస్థ 1974 నుండి మన నగరమున నున్నది. కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియమును, భీమునిపట్టణము మొదలగు తీరముల ఇసుకలోని మోనజైటును పరిశోధించి లెక్క గట్టినది ఈ సంస్థయే. ఆ ఇసుక నేడు ప్రపంచ రాజకీయముల నడుమకు వచ్చినది. 2025 ఏప్రిల్‌లో చీనా ఏడు విరళ మృత్తికల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగా, మోటారుబండ్ల కర్మాగారములు దేశదేశముల తల్లడిల్లెను. వెదకుట యను పనికి ఎంత విలువయో అప్పుడు లోకమునకు తెలిసినది.

వెదకుటకు బ్యాంకి అప్పియ్యదు. పది చోట్ల రంధ్రములు వేసినచో తొమ్మిది వ్యర్థమగుట ఆ వృత్తియందు సామాన్యము. బేగంపేట కార్యాలయమునకు ఆ నష్టమును ప్రజల బొక్కసము భరించినది. 2023 సవరణతో లిథియము మొదలగు ఆరు ఖనిజములు అణుఖనిజముల పట్టికనుండి తొలగి, ప్రైవేటు అన్వేషణకు తలుపు తెరువబడినది. తలుపు తెరిచినంతనే అతిథి రాడు. జమ్మూలోని రియాసి లిథియము నిక్షేపమును వేలమునకు పెట్టగా, కావలసిన ముగ్గురు అర్హులు కూడ రాక 2024 మార్చిలో ఆ పాట రద్దయ్యెను. నిక్షేపపు స్వరూపము పూర్తిగ తెలియకుండ పాట పాడుమనుట, చేను చూపక మక్తా అడుగుట వంటిది.

ఆదాయపు పన్ను లెక్కయు అన్వేషకునకు అనుకూలముగ నడువలేదు. 1970 నుండి నడిచిన సూత్రము ప్రకారము, గని ఉత్పత్తి మొదలిడిన సంవత్సరమునను దానికి ముందటి 4 సంవత్సరములలోను చేసిన అన్వేషణ ఖర్చు మాత్రమే పది వాయిదాలలో ఆదాయమునుండి తగ్గింపబడును. గని వెదకి, అనుమతులు పొంది, త్రవ్వుటకు పదియేండ్లు పట్టినచో మొదటి యేండ్ల ఖర్చు గంగలో కలిసినట్లే. కెనడాలో చిన్న అన్వేషణ కంపెనీ తన ఖర్చు తగ్గింపును వాటాదారులకు బదలాయింపవచ్చును. వారు దానిని తమ సొంత ఆదాయమున తగ్గించుకొందురు. కావున అచ్చటి సామాన్య గృహస్థు కూడ గని వెదకుటకు నాలుగు కాసులు పెట్టును. మన మదుపుదారునకు అట్టి ప్రోత్సాహమేది?

పన్ను తీరు మారినచో సరుకు నడక ఎట్లు మారునో బొగ్గువలన తెలియును. 2010లో టన్నుకు 50 రూపాయలుగ పుట్టిన సెస్సు 2016 నాటికి 400 అయ్యెను. మేలి బొగ్గునకును నాసి బొగ్గునకును ఒకే 400! మాగాణికిని మెట్టకును ఒకే శిస్తు వేసినట్లుండెను. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ సెస్సు తొలగి, జీఎస్టీ నూటికి 5 నుండి 18 వంతులైనది. టన్ను 1000 రూపాయల బొగ్గుపై పూర్వము 450 పడుచుండగా ఇప్పుడు 180 పడును. టన్ను 4000 రూపాయల బొగ్గుపై పూర్వము 600, ఇప్పుడు 720. సుమారు 3077 రూపాయలకు దిగువ ధర బొగ్గునకు మేలు, ఎగువ దానికి భారము. వెలనుబట్టి పన్ను వేయుట న్యాయమైన సూత్రమని మేము ఒప్పుకొనుచున్నాము. గనులు తాము కొనెడి సేవలపై 18 చెల్లించి, అమ్మకముపై 5 మాత్రమే వసూలు చేసికొనుటవలన చిక్కుకొని యుండిన సొమ్మునకును ఇక విడుదల కలుగును. అయితే కరెంటు జీఎస్టీ పరిధిలో లేదు. బొగ్గుపై కట్టిన పన్నును విద్యుత్కేంద్రము తిరిగి రాబట్టుకొనజాలదు. అది కరెంటు ధరలో కలియును. సింగరేణి బొగ్గు ధర కోల్ ఇండియా ధరకంటె హెచ్చుగ నుండుట వాడుక గనుక, ఈ మార్పు ఫలము మన రాష్ట్రమున ఎట్లుండునో ప్రభుత్వమువారు లెక్కలు ప్రకటింపవలసియున్నది.

పన్ను ఎవరికి చేరవలెననునది చివరిది, మాకు ముఖ్యమైనదియును. 1997లో సమతా వ్యాజ్యమున, విశాఖ మన్యపు బొర్రా గనుల విషయమున, సుప్రీంకోర్టు గిరిజనుల భూమిని కాపాడి, లాభములో కనీసము నూటికి 20 వంతులు ఆ ప్రాంత ప్రజల మేలునకు నిధిగ నుంచవలెనని చెప్పెను. జిల్లా ఖనిజ నిధికి మూలభావమును తెలుగు గడ్డయే ఇచ్చినదని చెప్పుట అతిశయము గాదు. ఆ నిధి ఊరికి చేరక కలెక్టరు కచేరీ భవనములకును పట్టణపు రోడ్లకును పోయినచో ఊరు గనిని నమ్మదు. 2019లో నల్లమలయందు యురేనియము అన్వేషణను చెంచులును రైతులును పట్టణవాసులును ఒక్కటై ప్రతిఘటింపగా, తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగ తీర్మానించెను. గనికి కావలసిన మొదటి పెట్టుబడి ఊరి నమ్మకము. అది ఏ బ్యాంకియందును దొరకదు.

మఱి కర్తవ్యమేమి? చిలీ దేశము 2023లో రాగి గనులకు చేసిన చట్టమును మనవారు పరిశీలింపవలెను. పెద్ద గనులకు అమ్మకముపై నూటికి ఒక్క వంతు మాత్రము స్థిరముగ నుంచి, నడుపు లాభపు శాతమునుబట్టి 8 నుండి 26 వంతుల వరకు పెరుగు పాలును అది నియమించెను. గని బాగుగ పండినయేడు ప్రజలకు హెచ్చు. పండనియేడు గని బ్రతుకును. జాంబియా 2008లో అధికలాభములపై నూటికి 75 వరకు పోవు పన్ను వేసి, రాగి ధర పడగానే 2009లోనే ఎత్తివేసికొనెను. ఏడాదికొక మాట చెప్పు సర్కారును ఎవరును నమ్మరు.

మన రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు మా విన్నపము స్పష్టము. ఖనిజ పన్ను చట్టము చేయదలచినచో చేయుడు, అధికారము మీది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో సున్నపురాతి భూములపై టన్నుకు 160 రూపాయలు వేసినట్లు టన్నుకొక మూకుమ్మడి దరి మాత్రము వేయకుడు; అది సిమెంటు బస్తాపైని, ఇల్లు కట్టుకొను పేదవానిపైని పడును. వెనుకటి కాలమునకు వేయకుడు. దరిని కనీసము పదియేండ్లు మార్చమని చట్టమునందే వ్రాయుడు. పన్ను కట్టవలసినవాడు త్రవ్వువాడో, భూమి పట్టాదారుడో స్పష్టముగ చెప్పుడు. చట్టము తీసివేయనంతవరకు భూమి అడుగు సొత్తు భూమి యజమానిదేయని 2013లో మలబారు జన్మభూముల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పియున్నది గనుక, ఈ ప్రశ్న మన పట్టాదారులకు వట్టి చర్చ గాదు. వచ్చినదానిలో గని ఊరి పాలును ఆ ఊరి పంచాయతీ లెక్కలలో కనుపించునట్లు చేయుడు.

కేంద్రమువారికి చెప్పవలసినది ఒక్కటే. సింగరేణికి ప్రక్కనున్న శ్రావణపల్లి బొగ్గు నిక్షేపమును 2024 జూన్‌లో మన హైదరాబాదునందే వేలమునకు పెట్టి, ఏడుకోట్ల టన్నులు తీయు ప్రజల సంస్థను పరులతో పాట పాడుమనుట న్యాయము గాదు. పాట అవసరమైనచోట పాట పెట్టుడు. ప్రజల సంస్థ దీర్ఘకాలముగ త్రవ్వుచున్న సీమలో, నిర్ణీతమైన పాలును పుచ్చుకొని దానికే యియ్యుడు.

పండిన పంటలో పాలు పుచ్చుకొను యజమానికి చేను పండవలెనను కోరిక యుండును. మక్తా ముందే ముట్టినవానికి ఆ కోరికతో పనిలేదు. ప్రజలు తమ గనులకు ఎట్టి యజమానులు కావలెనో నిర్ణయించు కాలమిది.